పురుగు పట్టిన పుట్టగొడుగు విషం కాదా?

మృగశిర దాటి రెండు గట్టి వానలు పడ్డాయంటే కొండపల్లి, మైలవరం వైపు చెట్టూ పుట్టా వెతికేవాళ్ళకు పని మొదలవుతుంది. తెల్లారకముందే పుట్టల దగ్గర గొడుగులు ఏరి, గంపలకెత్తి, రోడ్డు పక్కన పోగులు పోస్తారు. బేరం దగ్గర వినిపించే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే.

“ఏమ్మా, దీంట్లో పురుగుంది, చూశావా?”

“పురుగు పట్టిందంటే మంచిదనే కదండీ. విషమైతే పురుగు ముడుతుందా?”

అమ్మే ఆవిడ మోసం చేయడం లేదు. ఆమె తెచ్చినవి పుట్ట మీద మొలిచినవి, ఊళ్ళో తరతరాలుగా తింటున్నవి. వాటిని ఆమె చోటు చూసి, కాడ చూసి, వాసన చూసి గుర్తుపట్టింది తప్ప పురుగును చూసి కాదు. చిక్కంతా ఆ రెండో వాక్యంతోనే. కొనుక్కున్నవాళ్ళు దాన్ని ఒక సూత్రంలా ఇంటికి పట్టుకెళ్తారు. ఇంకెప్పుడో అపార్ట్‌మెంట్ లాన్‌లో తెల్లగా మొలిచిన గొడుగును విరిచి చూసి, లోపల పురుగు కనిపించగానే ధైర్యంగా పొయ్యి వెలిగిస్తారు.

ఈ సూత్రం నిలబడదని గుంటూరు వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న ఊరది. పొగాకులో ఉండే నికోటిన్ పురుగులను చంపుతుంది. ఒకప్పుడు నికోటిన్ సల్ఫేట్‌ను పురుగుమందుగానే పైర్ల మీద కొట్టేవాళ్ళు. అయినా పొగాకు లద్దె పురుగు ఆ ఆకును ఈనెలు మిగిల్చి తినేస్తుంది. పురుగు తింది కదా అని పొగాకుతో పప్పు చేసుకున్నవాళ్ళు ఎవరూ లేరు. జిల్లేడు పాలు కంట్లో పడితే ఏమవుతుందో పల్లెటూరి పిల్లలందరికీ తెలుసు. అదే జిల్లేడు ఆకు మీద చారల గొంగళిపురుగు పెరిగి సీతాకోకచిలుకై ఎగిరిపోతుంది. గన్నేరు ఆకు తిని బతికే గొంగళి కూడా ఉంది. మొక్కల విషయంలో ఇంత స్పష్టంగా తెలిసిన సంగతిని పుట్టగొడుగు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మర్చిపోతామో నాకు అంతుబట్టదు.

మిరపకాయది ఇంకో దారి. రామచిలుక పండుమిర్చిని హాయిగా కొరుకుతుంది. దానికి ఓర్పు ఎక్కువని కాదు. మన నోట్లో కాప్సైసిన్ అనే మిరప కారపు పదార్థం వెళ్ళి తగిలే నరాల గ్రాహకం పక్షుల్లో కాస్త వేరుగా ఉంటుంది, అందుకే ఆ ఘాటు వాటికి తెలియదు. అంటే ఒక ప్రాణి ఇంకొకదాని విషాన్ని తప్పించుకోవడానికి కనీసం రెండు దారులున్నాయి: లోపలికి వచ్చినదాన్ని పొగాకు పురుగులా విరిచెయ్యడం, లేదా అది తగలాల్సిన చోటే మారిపోవడం. పుట్టగొడుగు తినే ఈగ వీటిలో ఏ దారి పట్టిందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు చాలా శ్రమపడ్డారు. అక్కడికి వెళ్ళేముందు ఆ ఈగలేవో చూద్దాం.

పుట్టగొడుగు చీల్చినప్పుడు కనిపించే తెల్లటి సన్నని పురుగుల్లో ఎక్కువ భాగం ఈగ జాతుల పిల్లలు, అంటే లార్వాలు. పెంకు పురుగుల పిల్లలూ ఉంటాయి గానీ వాటికి ముందువైపు ఆరు బుల్లి కాళ్ళుంటాయి. కాళ్ళు లేకుండా, ఒళ్ళంతా పారదర్శకంగా ఉండి, తల మాత్రం నల్లగా మెరుస్తుంటే అది ఫంగస్ నాట్ పిల్ల. పెద్దయ్యాక దోమలా చిన్నగా, సన్నగా, నల్లగా ఉంటుంది, కుట్టదు. తలే లేనట్టు ఒక కొన సూదిగా, రెండో కొన మొద్దుగా ఉంటే అది అసలు ఈగల పిల్ల: అరటిపండు మీద ముసిరే డ్రోసోఫిలాకు దగ్గరి చుట్టమో, గెంతుతూ పరిగెత్తే ఫోరిడ్ ఈగో అయి ఉంటుంది. డ్రోసోఫిలా కుటుంబంలోనే మైకోడ్రోసోఫిలా, ల్యూకోఫెంగా అనే ప్రజాతులు శిలీంధ్రాల చుట్టూ తిరుగుతాయి. అవి మన దేశంలోనూ ఉన్నాయి. న్యూజిలాండ్‌లో వైటోమో గుహల కప్పు మీద నక్షత్రాల్లా వెలిగే పురుగులను చూడటానికి ప్రపంచమంతా టిక్కెట్లు కొనుక్కుని వెళ్తుంది కదా, అవి కూడా ఈ ఫంగస్ నాట్‌ల బంధువర్గంలోని లార్వాలే. అవి మాత్రం శిలీంధ్రాన్ని వదిలేసి, జిగురు దారాలు వేలాడదీసి చిన్న పురుగులను పట్టి తింటాయి.

ఈగ పుట్టగొడుగును వాసనతో కనిపెడుతుంది. పుట్టగొడుగు విరిస్తే వచ్చే ఆ మట్టివాసన చాలావరకు ఆక్టెనాల్ అనే పదార్థానిది. ఇదే ఆక్టెనాల్ ఆవుల శ్వాసలోనూ ఉంటుంది, దోమలను ఆకర్షించే యంత్రాల్లో ఎరగానూ వాడతారు.

కనిపెట్టాక అసలు తొందర మొదలవుతుంది. పుట్టగొడుగు రాత్రికి రాత్రే పెరిగినట్టు అనిపిస్తుంది గానీ దాని కణాలు చాలావరకు భూమిలోనే తయారై ఉంటాయి. వాన పడ్డాక అవి నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి, అంతే. ఉరుములకు పుడతాయన్న మాటలో వానకు ఇవ్వాల్సిన మార్కులు ఉరుముకు వేశారు. మెత్తటి గొడుగు విప్పుకుంటే దాని ఆయుష్షు కొద్ది రోజులే, ఎండ కాస్తే ఇంకా తక్కువ. ఆ కొద్ది రోజుల్లోనే ఈగ వచ్చి గుడ్లు పెట్టాలి, అవి పొదగాలి, లార్వా తిని పెరిగి, గొడుగు కుళ్ళి నీరుకారేలోపు మట్టిలోకి దిగి ప్యూపా కావాలి. డ్రోసోఫిలాకు పాతిక డిగ్రీల వేడిలో గుడ్డు నుంచి రెక్కల ఈగ దాకా దాదాపు పది రోజులు పడుతుంది. అందులో తిండి తినే లార్వా దశ నాలుగైదు రోజులే. పుట్టగొడుగులు ఏరేవాళ్ళు గొడుగు విప్పుకోని మొగ్గల కోసం చీకటితోనే వెళ్ళడంలో రుచి ఒక్కటే లెక్క కాదు. విప్పుకున్నదాని టోపీ కింది రెక్కల్లాంటి మడతల మధ్యకు ఈగ అప్పటికే వచ్చి వెళ్ళి ఉంటుంది.

ఈ తొందరలోనే మన ప్రశ్నకు సగం జవాబుంది. నిమ్మచెట్టు ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది కాబట్టి నిమ్మ ఆకు, కరివేపాకు లాంటివి తప్ప వేరేవి ముట్టని సీతాకోకచిలుకకు ఇబ్బంది లేదు. పుట్టగొడుగు ఎప్పుడు మొలుస్తుందో, ఎక్కడ మొలుస్తుందో, మొలిచింది ఏ రకమో ముందుగా చెప్పలేం. ఒక్క రకం మీదే ఆధారపడిన ఈగ వానలు సరిగా లేని ఏడాది వంశం లేకుండా పోతుంది. అందుకే మెత్తటి పుట్టగొడుగులు తినే ఈగలు చాలావరకు దొరికిన రకంలోనల్లా గుడ్లు పెట్టే అలవాటు తెచ్చుకున్నాయి. అన్ని రకాలూ తినాలంటే విషపు రకాలనూ తట్టుకోవాలి. మనం “విషమైతే ముట్టదు” అంటున్నాం. ఈగ బతుకు మాత్రం ముట్టుకోగలగడం మీదే నడుస్తోంది.

పుట్టగొడుగు విషాల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఆల్ఫా అమానిటిన్. ఇది అమానిటా ప్రజాతిలోని కొన్ని జాతుల్లో, ఇంకా గలెరినా, లెపియోటా లాంటి వాటిలో కొన్నిట్లో ఉంటుంది. ఇది చేసే పని అర్థం కావాలంటే రిజిస్ట్రార్ ఆఫీసును ఊహించుకోండి. కణంలోని డీఎన్‌ఏ బీరువాలో భద్రంగా ఉండే అసలు దస్తావేజు, బయటికి రాదు. ఏ పని జరగాలన్నా దాని నకలు కావాలి. ఆ నకళ్ళు రాసే గుమాస్తా ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-2 అనే ఎంజైము. అమానిటిన్ వెళ్ళి ఆ గుమాస్తా చెయ్యి పట్టుకుంటుంది. నకళ్ళు ఆగితే కొత్త ప్రోటీన్లు ఆగుతాయి, కణం చచ్చిపోతుంది. ఈ ఎంజైము మనకూ ఉంది, ఈగకూ ఉంది, పుట్టగొడుగుకూ ఉంది.

అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ జేనికీ దశాబ్దాల పాటు పుట్టగొడుగు ఈగల మీద పనిచేశారు. ఆయన బృందం 1983లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో మలుపు. అడవి పుట్టగొడుగుల్లో పెరిగే కొన్ని డ్రోసోఫిలా జాతుల లార్వాలకు అమానిటిన్ కలిపిన మేత పెట్టారు, అవి పెరిగాయి. పుట్టగొడుగుల జోలికి వెళ్ళని డ్రోసోఫిలాలకు, అంటే ల్యాబుల్లో పెంచే మామూలు పండు ఈగ లాంటివాటికి, అదే మేత పెడితే తట్టుకోలేకపోయాయి. పుట్టగొడుగు ఈగల్లో ఆ పాలిమరేజ్ ఎంజైమే మారిపోయి ఉంటుందని, మిరపకాయ ముందు రామచిలుకలాగా విషం వాటికి అంటదని అనుకోవడం సహజం. ఎంజైమును బయటికి తీసి పరీక్షిస్తే అది విషానికి మామూలుగానే లొంగిపోయింది. అంటే అవి పట్టింది రామచిలుక దారి కాదు. విషాన్ని ఆ ఎంజైము దాకా చేరనివ్వకపోవడంలోనే, అంటే విరిచెయ్యడంలోనో బయటికి నెట్టెయ్యడంలోనో వాటి ఒడుపు ఉండాలి. పొగాకు పురుగుతో పోల్చాల్సిన బాపతు ఇవి.

అందుకే పురుగు బతికి ఉండటం పుట్టగొడుగు గురించి ఏమీ చెప్పదు. అది ఆ పురుగు ఒంట్లోని ఏర్పాటు గురించి మాత్రమే చెబుతుంది. అలాంటి ఏర్పాటు మన కాలేయానికి లేదు.

యూరప్‌లో ఎర్రటి టోపీ మీద తెల్లటి చుక్కలుండే అమానిటా మస్కారియా అనే పుట్టగొడుగును ముక్కలు చేసి పాలల్లో వేసి ఇంట్లో పెట్టేవాళ్ళట, ఈగలను మట్టుబెట్టడానికి. తాగిన ఇంటి ఈగలు మత్తెక్కి పడిపోయేవి. అదే పుట్టగొడుగు అడవిలో ఉన్నప్పుడు దాని కండలో వేరే ఈగల పిల్లలు కడుపునిండా తిని పెరుగుతుంటాయి. ఈగకూ ఈగకూ మధ్యే ఇంత తేడా ఉంటే, ఈగను చూసి మనిషి సంగతి తేల్చడం ఎలా కుదురుతుంది?

విషాన్ని తట్టుకునే యంత్రాంగాన్ని ఒంట్లో మోయడం ఖర్చుతో కూడిన పని. ఆ ఖర్చు ఎందుకు గిట్టుబాటవుతోందో జేనికీ పరిశోధనల్లోనే ఇంకో జవాబు దొరికింది. పుట్టగొడుగుల్లో హొవార్డులా అనే సన్నని నులిపురుగు ఉంటుంది. అది డ్రోసోఫిలా లార్వా ఒంట్లోకి దూరి, ఈగతోపాటే పెరిగి, ఆడ ఈగను గొడ్రాలిని చేసేస్తుంది. ఆ ఈగ మళ్ళీ పుట్టగొడుగు మీద వాలినప్పుడు గుడ్లకు బదులు నులిపురుగు పిల్లలను వదులుతుంది. ఈ నులిపురుగుకు అమానిటిన్ పడదు. అంటే విషపు గొడుగులో పెరిగే లార్వాకు ఈ శత్రువు బెడద తగ్గుతుంది. మనల్ని చంపే పదార్థం ఆ లార్వాకు రక్షణ. విషం ఎక్కువున్న పుట్టగొడుగులోనే పురుగు నిశ్చింతగా ఉండే పరిస్థితి కూడా ఉందన్నమాట. అలాగని పురుగు పట్టినవన్నీ విషమని తిరగేసి సూత్రం చెయ్యకండి, అదీ తప్పే.

అదే నులిపురుగు కథలో ఇంకో మెలిక ఉంది, మన ఆముదం తోటలతో ముడిపడేది. ఉత్తర అమెరికాలో ఉండే డ్రోసోఫిలా నియోటెస్టేసియా అనే పుట్టగొడుగు ఈగ ఒంట్లో స్పైరోప్లాస్మా అనే బ్యాక్టీరియా కాపురం ఉంటుంది, తల్లి నుంచి గుడ్ల ద్వారా పిల్లలకు వెళ్తుంది. ఈ బ్యాక్టీరియా ఉన్న ఆడ ఈగలను నులిపురుగు పట్టినా అవి గుడ్లు పెట్టగలుగుతున్నాయని 2010లో జేనికీ బృందం చూపించింది. 1980ల్లో భద్రపరిచిన ఈగలతో పోల్చి చూస్తే, అప్పట్లో కొద్ది ఈగల్లోనే ఉన్న బ్యాక్టీరియా ఇప్పుడు చాలావాటిలో ఉంది. రెండు మూడు దశాబ్దాల్లో, మన కళ్ళ ముందే జరిగిన పరిణామం ఇది. 2016లో ఇంకో పరిశోధన దాని ఆయుధాన్ని పట్టుకుంది: కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమును దెబ్బతీసే ఒక విషపు ప్రోటీన్. ఆముదం గింజలోని రైసిన్ కూడా ఈ కుటుంబానిదే. అంతటి విషాన్ని ఒంట్లోనే తయారు చేయించుకుంటూ ఆ ఈగ బతుకుతోంది. విషమంటే ఎవరికి విషం అని అడగకుండా మాట్లాడలేం.

ఇక మన ఒంటి సంగతి. అమానిటిన్‌ను ఉడకబెట్టినా, ఎండబెట్టినా, ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా పోదు. తిన్న వెంటనే ఏమీ తెలియదు, రుచి కూడా బాగానే ఉంటుందంటారు బతికి బయటపడ్డవాళ్ళు. ఆరు గంటలు దాటాక, ఒక్కోసారి సగం రోజు దాటాక, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. ఒకటి రెండు రోజులకు తగ్గినట్టు ఉంటుంది. ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. ఆ సమయంలోనే లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో అస్సాం టీ తోటల ప్రాంతాల్లో అడవి పుట్టగొడుగులు తిని పదిమందికి పైగా చనిపోయారు. వాళ్ళకు పుట్టగొడుగులు కొత్త కాదు, ఏటా ఏరుకుని తినేవాళ్ళే. ఆసియా నుంచి వలస వెళ్ళినవాళ్ళు అమెరికాలో, ఆస్ట్రేలియాలో వరిగడ్డి పుట్టగొడుగు అనుకుని, అమానిటిన్ ఉండే డెత్ క్యాప్ అనే అమానిటాను తిన్న సంఘటనలు కూడా ఉన్నాయి. మొగ్గ దశలో రెండూ గుడ్డులాగే ఉంటాయి.

బెజవాడ, గుంటూరు లాంటి వేడి ఊళ్ళలో డెత్ క్యాప్ కన్నా ఎక్కువగా జాగ్రత్తపడాల్సింది క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అనే దానితో. వేడి ప్రాంతాల లాన్లలో, గడ్డి మైదానాల్లో వానల తర్వాత గుండ్రంగా వరసకట్టి మొలుస్తుంది. పెద్దదిగా, తెల్లగా, టోపీ మీద గోధుమరంగు పొలుసులతో కూరకు తగ్గట్టే కనిపిస్తుంది. వయసు మీరాక టోపీ కింది రెక్కలు ఆకుపచ్చగా మారతాయి గానీ లేతగా ఉన్నప్పుడు తెల్లగానే ఉంటాయి, మనం కోసేది లేతవాటినే. ప్రాణం తీయడం అరుదు. కానీ తిన్న కొన్ని గంటల్లోనే వాంతులూ విరేచనాలతో ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించుకునే పరిస్థితి తెస్తుంది.

పుట్ట మీద మొలిచే టెర్మిటోమైసిస్ వేరే బాపతు. చెదపురుగులు పుట్ట లోపల ఈ శిలీంధ్రాన్ని పెంచుకుంటాయి, తాము తెచ్చిన ఎండు పుల్లలను, ఆకులను దానిచేత అరిగించి తింటాయి. వానలకు అదే పైకి గొడుగై వస్తుంది. కాడ అడుగు వేరులా పొడుగ్గా లోపలి పుట్ట దాకా దిగి ఉంటుంది. మన పెద్దవాళ్ళు తిన్నది ఈ గుర్తుతో. కుక్కగొడుగులు అని పక్కన పెట్టింది కూడా ఇలాంటి గుర్తులతోనే. వెండి ఉంగరం నల్లబడుతుందా, ఉల్లిపాయ రంగు మారుతుందా, మేక తిన్నదా, నత్త కొరికిందా లాంటి పరీక్షలన్నీ పురుగు పరీక్షకు అన్నదమ్ములు. అమానిటిన్ వెండిని ఏమీ చెయ్యదు. నత్తలు డెత్ క్యాప్‌ను శుభ్రంగా తింటాయి.

పురుగు లేకపోతే భయపడాలా అంటే అదీ కాదు. షాపులో ప్యాకెట్‌లో అమ్మే బటన్ పుట్టగొడుగుల్లో పురుగు ఉండదు, ఎందుకంటే షెడ్డులోకి ఈగ రాకుండా నానా తంటాలు పడతారు. వరిగడ్డి సంచుల్లో ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెంచేవాళ్ళను అడిగితే చెబుతారు. ఫంగస్ నాట్‌లు, ఫోరిడ్‌లు షెడ్డులో దూరితే గొడుగు రాకముందే గడ్డిలోని తెల్లటి బూజుదారాలను తినేస్తాయి, కాళ్ళకు అంటించుకుని పచ్చబూజును, మైట్లు అనే అతి చిన్న పురుగులను ఒక సంచి నుంచి ఇంకో సంచికి మోస్తాయి. హెటెరోపెజా అనే బుల్లి ఈగైతే ఈగ అయ్యేదాకా కూడా ఆగదు. లార్వాగా ఉన్నప్పుడే దాని కడుపులో పిల్ల లార్వాలు తయారై, తల్లిని లోపలి నుంచే తిని బయటికి వస్తాయి. జతకట్టే పని లేదు, రెక్కల పని లేదు, వారం పది రోజుల్లో సంచి నిండిపోతుంది. కిటికీలకు సన్నని కన్నాల వల, పసుపు జిగురు అట్టలు, గడ్డిని వేడినీళ్ళలో సరిగ్గా ఉడికించడం, పాత సంచులు షెడ్డు పక్కనే పడెయ్యకపోవడం: ఉపాయాలు ఇవే. బాల్కనీ కుండీల్లో కోకోపీట్ ఎప్పుడూ తడిగా ఉంటే లేచే నల్లటి చిన్న ఈగలు కూడా ఈ బాపతే. నీళ్ళు తగ్గించి పై మట్టి ఆరనిస్తే చాలావరకు పోతాయి.

కచ్చితంగా తినేరకమే అని తెలిసిన పుట్టగొడుగులో పురుగు కనిపిస్తే, ఉప్పునీళ్ళలో వేస్తే బయటికి వచ్చేస్తుంది, లార్వా వల్ల విషం ఎక్కదు. కానీ లోపల సొరంగాలు ఎక్కువై కండ గోధుమరంగుకు తిరిగి మెత్తబడితే అప్పటికే బ్యాక్టీరియా చేరి ఉంటుంది, పారెయ్యడమే.

ఏరుకొచ్చినవి తిన్నాక వాంతులు మొదలైతే తగ్గుతాయేమో అని చూస్తూ కూర్చోకూడదు. ముఖ్యంగా తిన్న ఆరు గంటల తర్వాత మొదలైతే టెన్షన్ పడాల్సిందే, వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. మధ్యలో తగ్గినట్టు అనిపించినా వెనక్కి తిరగకూడదు. అదే కూర తిన్న మిగతావాళ్ళను కూడా, బాగున్నా సరే, వెంట తీసుకెళ్ళాలి. వండగా మిగిలిన పుట్టగొడుగు, చెత్తబుట్టలో పడేసిన కాడలు దొరికితే కాగితంలో చుట్టి తీసుకెళ్ళండి. పాలిథిన్ కవరులో పెడితే చెమ్మకు ముద్దైపోయి గుర్తుపట్టడానికి పనికిరావు. పురుగులుంటే ఏరి పారెయ్యకుండా అలాగే ఇచ్చెయ్యండి.